కంప గంప అయిన వైనం

కెర్నెల్ అనే ఇంగ్లీషు మాటకు నిఘంటువులో కనిపించే మొదటి అర్థం గింజ. పైతొక్క, పొట్టు పోగా లోపల మిగిలే పప్పు. నిర్వహణ వ్యవస్థకు అట్టడుగున కూర్చుని ప్రాసెసరుకూ, మెమరీకీ, డిస్కుకూ, కీబోర్డుకూ మధ్య పెత్తనం చేసే ప్రోగ్రాముకు ఆ పేరు పెట్టినవారెవరో గానీ తగిన పేరే పెట్టారు. లినక్సు పంపిణీలతో వచ్చే గింజ అందరికీ సరిపోవాలి. కనుక లోకంలోని నానా రకాల యంత్రాలకు కావలసిన డ్రైవర్లన్నీ దానితోపాటు వస్తాయి. మన యంత్రంలో ఉన్నవాటిని మాత్రం ఏరుకుని, మూలం తెచ్చుకుని, ఇంట్లోనే సంకలనం చేసుకోవడం ఒక పద్ధతి. చేట పట్టి చెరిగినట్టుంటుంది. ఓపిక కావాలి. ఈ రోజుల్లో ఆ పని చేసేవారు తక్కువ, చేయవలసిన అవసరం అంతకంటే తక్కువ.

నాకు ఆ అవసరం 2023లో మా పెదనాన్నగారి లాప్‌టాప్ వల్ల వచ్చింది.

ఆ లాప్‌టాప్ 2005 నాటిది. పన్నెండంగుళాల తెర, పెంటియం ఎమ్ ప్రాసెసరు, 512 మెగాబైట్ల మెమరీ. ఆ మెమరీలో సగం మదరుబోర్డుకే టంకం వేసి అతికించినది, తక్కిన సగం అరలో దూర్చిన పలక. పెదనాన్న జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆ తరువాత లినక్సు పట్టుబట్టి నేర్చుకున్నారు. 2007లో ఆయనే 2.6.22 కెర్నెలును సొంతంగా సంకలనం చేసుకుని, ఏ ఐచ్ఛికం ఎందుకు ఉంచారో, ఏది ఎందుకు తీసేశారో రూళ్ల నోటుపుస్తకంలో రాసిపెట్టారు. "ఫ్లాపీ: మనకు లేదు, తీసివేయడమైనది" అన్న ధోరణిలో అరవై పేజీలు. ప్రయోగశాల రికార్డు దిద్దిన చెయ్యి కదా, ఎక్కడా కొట్టివేత లేదు.

ఆ యంత్రం మీద ఆయన చేస్తూ వచ్చిన పని ఒకటే. మా పల్నాటి పల్లెల్లో సేద్యానికి సంబంధించిన మాటలను కూర్చడం. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. పెదనాన్నకు అది భారతంతో సమానం. అందులో మా ఊరి చుట్టుపక్కల మాటలు ఇంకా చేరవలసినవి ఉన్నాయని ఆయన అభిప్రాయం. సాదా పాఠ్యపు ఫైలు, వరుసకొక ఆరోపం, యూనికోడు. తొమ్మిది వేల పైచిలుకు ఆరోపాలు, మెగాబైటున్నర పరిమాణం. కొత్త లాప్‌టాప్ కొనిస్తామని పిల్లలు ఎన్నిమార్లు అన్నా ఒప్పుకోలేదు. ఎనభై దాటిన వేళ్లకు ఆ కీబోర్డే తెలుసు. మీటల మీద తెలుగు అక్షరాలు చెరిగిపోయి చాలా కాలమైంది, ఆయనకు వాటితో పని లేదు.

2022 వానాకాలం నుంచి రెండు ఇబ్బందులు మొదలయ్యాయి. ఒకటి, యంత్రం వారానికోసారి బిగుసుకుపోవడం, డిస్కు టిక్కుటిక్కుమనడం. రెండోది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన రాసుకున్న మాటలు మారిపోతున్నాయి. "ముళ్లచెట్ల కొమ్మల మోపు" అన్న వివరణ పక్కన కంప ఉండవలసిన చోట గంప ఉంది. "ఒకసారి పెట్టిన నీరు, ఆరుతడి పైరుకు లెక్క" అన్న దాని పక్కన తడి ఉండవలసింది, దడి ఉంది. మొదట టైపు పొరపాటనుకుని దిద్దారట. తరువాత దిద్దినవి కాక కొత్తవి కనిపించసాగాయి. కంపకూ గంపకూ తేడా తెలియని స్థితికి వచ్చానా అని ఆయనకు దిగులు పట్టుకుంది. ఇంట్లోవాళ్లు డాక్టరుకు చూపించారు. ఆ డాక్టరుగారు నాలుగు ప్రశ్నలడిగి, వయసుతో వచ్చే మతిమరుపే, కంగారు లేదన్నారు. 2023 సంక్రాంతి నాటికి పెదనాన్న రాయడం మానేశారు. "ఆయన ఆ పెట్టె ముందు కూర్చోవడం లేదురా, అదే నాకు భయంగా ఉంది" అని పెద్దమ్మ ఫోనులో అన్నది.

వేసవి సెలవుల్లో వెళ్లాను. డిస్కు మార్చడమే నా ఉద్దేశం. పాత డిస్కులో ఉన్నదంతా ఒకచోటికి ఎత్తి, కొత్త డిస్కు అమర్చి, ఒక 32-బిట్ పంపిణీ ఎక్కించబోతే మొదటి మెట్టు మీదే ఆగింది. ప్రాసెసరులో పిఏఈ లేదని కెర్నెలు ఫిర్యాదు. పిఏఈ అంటే 32-బిట్ ప్రాసెసరు 4 గిగాబైట్లను మించిన మెమరీని అందుకోవడానికి చేసిన ఏర్పాటు. తమాషా ఏమిటంటే పెంటియం ఎమ్‌లలో కొన్నింటికి ఆ శక్తి ఉంది గానీ, ఉందని అవి చెప్పుకోవు. అడిగితే లేదంటాయి. అందుకని 2014లో కెర్నెలుకు 'ఫోర్స్‌పిఏఈ' అనే సూచన చేర్చారు. నీ మాట నేను నమ్మను, నీకు వచ్చు, చెయ్యి అనడం. ఆ సూచనతో లేచింది. అయితే 512 మెగాబైట్ల యంత్రానికి 4 గిగాబైట్ల పైన ఉన్న ఆకాశంతో పనేమిటి? పుట పట్టికలో ఒక్కో పద్దు 4 బైట్లకు బదులు 8 బైట్లు తినడమే మిగిలింది. సొంత గింజే మేలనిపించింది. పైగా పెద్ద పంపిణీలు ఒక్కొక్కటే 32-బిట్ యంత్రాలను వదిలేస్తున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వీటికి కెర్నెలునూ, స్థాపక ప్రోగ్రామునూ ఇవ్వడమే మానేసింది.

పెదనాన్న 2007 నాటి అమరిక ఫైలు భద్రంగా ఉంది. అది పదహారేళ్ల తరువాతి 6.1 కెర్నెలుకు ఇస్తే ఎంత నిలుస్తుందో చూడాలని కుతూహలం కలిగింది. పాత అమరికను కొత్త మూలానికి ఇస్తే, తెలిసిన ప్రశ్నలకు పాత జవాబులే ఉంచి, కొత్త ప్రశ్నలకు మామూలు జవాబులు నింపుతుంది. నా డెస్కుటాపు మీద 32-బిట్‌కు సంకలనం చేసి తెచ్చి లేపాను. అనుకున్నట్టే కెర్నెలు పానిక్. మూల ఫైలు వ్యవస్థను ఎక్కించలేకపోయానని చెప్పి, చివర బ్రాకెట్లలో సున్నా, సున్నా అని చూపించింది.

ఆ రెండంకెలూ చాలామంది పట్టించుకోరు గానీ, సగం వైద్యం అక్కడే ఉంది. 8, 2 అని ఉంటే డిస్కు కనిపించింది, దాని మీది ఫైలు వ్యవస్థ చదవడం రాలేదు అని అర్థం. 0, 0 అంటే డిస్కే కనిపించలేదు. కారణం నోటుపుస్తకంలో ఉంది. "స్కజీ: మనకు లేదు, తీసివేయడమైనది." 2007లో అది అక్షరాలా సరైన నిర్ణయం. అప్పట్లో ఐడిఇ డిస్కుకు వేరే డ్రైవరుండేది, డిస్కు 'హెచ్‌డిఏ' అనే పేరుతో పలికేది. ఆ పాత డ్రైవర్ల కుటుంబాన్ని 2021లో 5.14 కెర్నెలుతో పూర్తిగా తొలగించారు. వాటి స్థానంలో ఉన్న లిబ్‌ఏటీఏ ఎలాంటి డిస్కునైనా స్కజీ వేషం వేయించి 'ఎస్‌డిఏ' పేరుతోనే చూపిస్తుంది. ఇంట్లో స్కజీ తీగ ముక్క కూడా లేకపోయినా స్కజీ డిస్కు ఐచ్ఛికం ఉండి తీరాలి. పెదనాన్నకు చూపిస్తే, "పేరు మారితే మనిషి లేనట్టా" అని చాలా రోజుల తరువాత నవ్వారట, పెద్దమ్మ చెప్పింది.

ఆ ఐచ్ఛికాన్నీ, డిస్కు డ్రైవరునూ మాడ్యూళ్లుగా కాక గింజలోనే కలిపి, తొలి రామ్‌డిస్కు అవసరం లేకుండా చేశాను. అప్పుడు మూల విభాగాన్ని ఫైలు వ్యవస్థ గుర్తింపు సంఖ్యతో పిలవడం కుదరదు. ఆ సంఖ్యను వెతికి పట్టే పని తొలి రామ్‌డిస్కులోని ప్రోగ్రాములది, కెర్నెలుకు సొంతంగా రాదు. విభాగం పేరే రాయాలి. రాశాను. ఇరవై మూడు సెకన్లలో లాగిన్ తెర వచ్చింది. తెలుగు అక్షరాలు కుదురుగా ఉన్నాయి. పెద్దమ్మ కాఫీ తెచ్చింది.

మధ్యాహ్నానికి బిగుసుకుపోయింది. సాయంత్రం మళ్లీ. వారానికొకటి అయ్యేది రోజుకు రెండయింది.

సహజంగానే అందరి చూపూ నా గింజ మీద పడింది. "నడుస్తున్నదాన్ని కెలికావు అన్నయ్యా" అన్నాడు పెదనాన్న చిన్నకొడుకు. ఇంటి వంటకు వచ్చే నింద ఇదే. హోటలు కూరలో ఉప్పెక్కువైతే ఇవాళ కుదరలేదంటాం, ఇంట్లో ఎక్కువైతే వండినవాళ్లనంటాం. నింద నిజమో కాదో చెప్పవలసినది యంత్రమే. కాప్స్‌లాక్ దీపం ఆగి ఆగి వెలుగుతోంది. అది కెర్నెలు పానిక్ గుర్తు, తెర మీద ఏమీ చెప్పలేని స్థితిలో కీబోర్డు దీపంతో చేసే సైగ. అంటే ప్రాసెసరు ఆగిపోలేదు, కెర్నెలు తెలిసి చేతులెత్తేసింది. చేతులెత్తేసే ముందు ఏదో ఒకటి అనే ఉంటుంది.

ఆ మాట వినడానికి నెట్‌కన్సోల్ అనే చక్కని ఏర్పాటు ఉంది. కెర్నెలు తన సందేశాలను నేరుగా నెట్‌వర్కు తీగ మీద పక్క కంప్యూటరుకు పంపుతుంది. డిస్కుకు రాసే అవకాశం లేకపోయినా తీగ మీద నాలుగు మాటలు బయటపడతాయి. నెట్‌వర్కు కార్డు డ్రైవరు కూడా గింజలోనే ఉంచాను గనుక సులువయింది. రెండు లాప్‌టాప్‌లనూ తీగతో కలిపి వసారాలో బల్ల మీద పెట్టి, మూడు రోజులు కాపలా కాశాం. ఏడు మరణ వాంగ్మూలాలు దొరికాయి.

ఏడూ ఏడు చోట్లవి. ఒకటి ఫైలు వ్యవస్థలో, ఒకటి నెట్‌వర్కు లేనప్పుడు నెట్‌వర్కు వరుసలో, ఒకటి గడియారం దగ్గర. ప్రోగ్రాములో దోషముంటే అదే చోట మళ్లీ మళ్లీ తగలాలి. చోటు మారుతున్నదంటే ప్రోగ్రామును కాదు, కింద నేలను చూడాలి. వాంగ్మూలాల్లో రెండు మరీ విలువైనవి. సంకలనంలో నేను జాబితాల పరీక్ష అనే ఐచ్ఛికం ఉంచాను. కెర్నెలులోని గొలుసు జాబితాల్లో ముందు వెనుక కొక్కేలు సరిపోలకపోతే, "ఉండవలసినది ఇది, ఉన్నది ఇది" అని రెండు విలువలనూ చెప్పి మరీ ఆగుతుంది. రెండు సందర్భాల్లోనూ ఉన్నది ఉండవలసిన దానికంటే సరిగ్గా 512 ఎక్కువ. తగ్గడం లేదు, వేరే సంఖ్య కాదు, 512. ద్విసంఖ్యామానంలో అది ఒకే ఒక్క అంకె: రెండో బైటులోని రెండ్ల స్థానం. అక్కడ సున్నా ఒకటైంది.

అరలోని మెమరీ పలక తీసేసి, రాత్రి మెమ్‌టెస్ట్86+ పెట్టి పడుకున్నాం. తెల్లారేసరికి తెరంతా ఎర్రగా ఉంది. 143వ మెగాబైటుకూ 144కూ మధ్య పదిహేడు చోట్ల తప్పు. ప్రతిచోటా అదే అంకె, ప్రతిసారీ సున్నా రాస్తే ఒకటి తిరిగి వస్తోంది. పలక తీసినా తప్పు అక్కడే ఉన్నది గనుక దోషం బోర్డుకు అతికించిన చిప్పులో ఉంది. పాత కెర్నెలు కింద కూడా ఆ చిప్పు అదే పని చేసింది. అప్పట్లో ఆ మెగాబైటులోకి ఏ వస్తువు వచ్చి పడేదో, కొత్త గింజ అమరికలో ఏది వచ్చి పడుతోందో వేరు. వారానికి ఒకటి, రోజుకు రెండుగా మారడానికి అంతకంటే కారణం అక్కరలేదు.

ఇక్కడితో కెర్నెలు కథ తేలిపోయింది. కానీ పెదనాన్న ఆ ఎర్ర తెర ముందు చాలాసేపు కూర్చుని, "ఎన్నో స్థానం అన్నావు?" అని అడిగారు. రెండ్ల స్థానం అన్నాను. లేచి వెళ్లి బీరువాలోంచి ఇంకో నోటుపుస్తకం తెచ్చారు. డాక్టరుకు చూపించడానికని తన తప్పులను తేదీలతో సహా రాసుకున్న పుస్తకం. అరవై మూడు తప్పులు. ఆ పుస్తకం సంగతి పెద్దమ్మకు కూడా తెలియదు.

యూనికోడులో క సంఖ్య 3093, గ సంఖ్య 3095. తేడా రెండు. త 3108, ద 3110. తేడా రెండు. ర 3120, ల 3122. బ 3116, మ 3118. న 3112, ప 3114. డ 3105, ణ 3107. ఎవరో కావాలని పేర్చినట్టుంది గానీ కాదు, వర్ణమాల వరుసలో అవి అలా పడ్డాయి. ఈ ప్రతి జంటలోనూ మొదటి అక్షరానికి రెండ్ల స్థానంలో సున్నా, రెండో దానికి ఒకటి. సున్నాను ఒకటి చేసే చిప్పు ఒక్క అంకెను నొక్కితే కంప గంప అవుతుంది, తడి దడి అవుతుంది, కడ్డి గడ్డి అవుతుంది, బడి మడి అవుతుంది. నార పార అవుతుంది. అన్నీ సేద్యగాడి మాటలే, అన్నీ నిఘంటువులో ఉండదగినవే. మనిషి చెవి తప్పు వింటే, నాలుక తప్పు పలికితే, మతి తప్పితే ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి. అందుకే అవి యంత్రం తప్పులని ఎవరికీ తోచలేదు. యంత్రం తప్పు చేస్తే పిచ్చిగీతలు వస్తాయని మన నమ్మకం. ఇది మాత్రం తెలుగులోనే తప్పు చేసింది.

పెదనాన్న కళ్లజోడు సవరించుకుని, ఒక్కో తప్పు పక్కనా సంఖ్యలు వేయడం మొదలుపెట్టారు. పది దాటేసరికి ఆయనే అసలు సంగతి పట్టారు. "ఒరే, అన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయిరా." కంప గంప అయింది గానీ, ఏ గంపా కంప కాలేదు. తడి దడి అయింది గానీ, ఏ దడీ తడి కాలేదు. మతిమరుపు మనిషి రెండు వైపులా తడబడతాడు. ఒకటిగా బిగుసుకుపోయిన కణం మాత్రం సున్నాలనే మింగుతుంది, ఒకట్ల జోలికి పోదు. గ, ద, ల, మ, ప అక్షరాల్లో ఆ స్థానంలో అప్పటికే ఒకటి ఉంది గనుక వాటికి ఏమీ కాదు. అరవై మూడింటిలో యాభై తొమ్మిది ఆ లెక్కకు లొంగాయి. మిగిలిన నాలుగూ "నావే" అన్నారు పెదనాన్న, చాలా తృప్తిగా.

వ్యాకరణం తెలిసినవారికి ఇందులో ఒక వినోదం ఉంది. ప్రథమ మీది పరుషాలకు గసడదవలు వస్తాయని చిన్నప్పుడు చదువుకున్నాం. ఈ చిప్పుకు క గ కావడం, త ద కావడం వచ్చు. చ, ట, ప లను మాత్రం తాకదు, వాటికి ఆ స్థానంలో ముందే ఒకటి ఉంది. అయిదింటిలో రెండు వచ్చిన విద్యార్థి.

ఇంకా కొన్ని తప్పులు మొదట లెక్కకు అందలేదు. తెలుగు అక్షరం ఒక్కొక్కటి ఫైలులో మూడు బైట్లుగా ఉంటుంది. క అంటే 224, 176, 149. దెబ్బ మూడోదానికి తగిలితే 149 కాస్తా 151 అయి గ వస్తుంది. రెండోదానికి తగిలితే 176 కాస్తా 178 అవుతుంది. అప్పుడు వచ్చేది కన్నడ క! యూనికోడులో తెలుగు గడి పక్కనే కన్నడ గడి ఉంది, రెండు లిపులలో అక్షరాల వరుసా ఒకటే. ఒక్క అంకెతో అక్షరం సరిహద్దు దాటి అవతలి రాష్ట్రంలో అదే పేరుతో స్థిరపడుతుంది. ఆకారం కూడా పోలికే గనుక, ఫాంటు కొంచెం లావుగా కనబడుతున్నదేమో అని పెదనాన్న ఊరుకున్నారు. వెతికినప్పుడు ఆ మాట దొరక్కపోతే, రాశాననుకున్నాను, రాయలేదేమో అని మళ్లీ రాశారు. అలా జంటగా పడిన ఆరోపాలు ఇరవైకి పైగా తేలాయి. ఇక మొదటి బైటుకు తగిలితే 224 కాస్తా 226 అయి, ప్రాచీన స్లావులు వాడిన గ్లగోలిటిక్ లిపి గడిలో పడుతుంది. ఆ ఫాంటు మన దగ్గర ఉండదు గనుక డబ్బా కనిపిస్తుంది. డబ్బాలను మాత్రం ఆయన ఎప్పటికప్పుడు దిద్దుకున్నారు, వాటి గురించి దిగులు పడలేదు. వరి షరి అయినప్పుడూ అంతే. అర్థంలేని తప్పులు ఆయన్ను బాధించలేదు. అర్థమున్నవే తినేశాయి.

ఒక్క మెగాబైటు చెడితే ఇన్ని చోట్ల ఎలా చెడిందన్న అనుమానం మా తమ్ముడికి వచ్చింది. కెర్నెలు మెమరీని 4 కిలోబైట్ల పుటలుగా పంచుతుంది. 512 మెగాబైట్లకు 1,31,072 పుటలు. చెడ్డవి పదిహేను పదహారు. ఎడిటరు ఫైలును దాచినప్పుడల్లా మెగాబైటున్నర మొత్తం, అంటే 384 పుటలు, డిస్కుకు చేరేముందు మెమరీలో కాసేపు బస చేస్తాయి. ఏ పుట ఏ గదిలో దిగుతుందో చెప్పలేం. చెడ్డ గదిలో దిగినదానికి ఒక అక్షరం పోతుంది. అంటే ఆ రోజు ముట్టుకోని, పదేళ్ల కిందటి ఆరోపం కూడా పాడుకావచ్చు. అదే పెదనాన్నను మరింత కలవరపెట్టింది. 2010లో రాసిన మాటను నేనెప్పుడు మార్చానని.

మరమ్మతు విషయం రెండు ముక్కల్లో చెప్పవచ్చు. బోర్డు మీది చిప్పును ఊడదీసి అతికే పనివాడు దొరకడు, దొరికినా ఆ ఖర్చుకు అలాంటి లాప్‌టాప్‌లు నాలుగొస్తాయి. కెర్నెలుకు 'మెమ్‌మ్యాప్' అనే సూచన ఉంది. ఇన్నో మెగాబైటు దగ్గర నుంచి ఇంత భాగాన్ని ఎవరికీ ఇవ్వవద్దు అని చెప్పడం. 143 దగ్గర నుంచి ఒక మెగాబైటు అని రాశాను. ఇందులో డాలరు గుర్తు వస్తుంది, గ్రబ్ ఆ గుర్తును తన చలరాశి అనుకుని మింగేస్తుంది, కనుక దాని ముందు వెనుకగీతలు పెట్టి తప్పించాలి. లేచిన తరువాత కెర్నెలు తొలి సందేశాల్లో ఆ భాగం ప్రత్యేకించబడినట్టు కనిపించిందో లేదో చూసుకోవాలి. కనిపించింది. దానితోపాటు 'మెమ్‌టెస్ట్' ఐచ్ఛికాన్ని కూడా గింజలో కలిపాను. లేచేటప్పుడు నాలుగు విడతలు మెమరీని తడిమి చూసి, కొత్తగా చెడిన చోటుంటే తనంతట తానే పక్కన పెడుతుంది. కొద్ది సెకన్లు ఎక్కువ పడుతుంది. పెదనాన్నకు తొందరేమీ లేదు.

పరీక్ష కోసం ఈసారి కెర్నెలును ఆ లాప్‌టాప్ మీదే సంకలనం చేయించాను. సంకలనాన్ని మించిన మెమరీ పరీక్ష లేదని పాతకాపులు అంటారు. మెమరీ చెడితే కంపైలరు 11వ నంబరు సంకేతంతో కూలుతుంది, మళ్లీ నడిపితే ఇంకో ఫైలు దగ్గర కూలుతుంది. ఆ సూచన లేకుండా మూడుసార్లు నడిపితే మూడు చోట్ల కూలింది. సూచనతో దాదాపు అయిదు గంటలు ఆగకుండా నడిచి ముగిసింది. పెదనాన్న తన కెర్నెలు నోటుపుస్తకం తీసి, 2007 నాటి చివరి పేజీ తరువాత కొత్త పేజీలో రాసుకున్నారు: "143వ మెగాబైటు: పడావు పెట్టడమైనది."

ఫైలును బాగుచేయడం దీనికంటే పెద్ద పని అయింది. కన్నడ అక్షరాలనూ, డబ్బాలనూ చిన్న స్క్రిప్టు నిమిషంలో పట్టి సరిచేసింది, తెలుగు ఫైలులో అవి ఎక్కడున్నా తప్పే గనుక. 2019లో తీసిన నకలు ఒక పెన్‌డ్రైవులో దొరికింది, దానితో పోల్చి అంతకుముందు రాసినవన్నీ తేల్చాం. చిక్కంతా 2019 తరువాత చేరిన రెండు వేల చిల్లర మాటలతో. అక్కడ యంత్రం చెప్పగలిగింది ఇంతే: ఈ గ ఒకప్పుడు క అయి ఉండవచ్చు, కాకపోవచ్చు. కుంటా ఉంది, గుంటా ఉంది. రెండింట్లోనూ నీళ్లుంటాయి, వివరణ రెంటికీ సరిపోతుంది. దాన్ని తేల్చగలిగిన మనిషి పెదనాన్న ఒక్కరే.

సెలవులై నేను వచ్చేశాక కూడా రోజూ రాత్రి ఏడున్నరకు ఫోనులో కూర్చుంటున్నాం. నేను జాబితా చదువుతాను. ఆయన కళ్లు మూసుకుని వింటారట. ఆ మాట ఎవరి నోట విన్నారో, ఏ పొలం గట్టు మీద విన్నారో చెప్పి, "క" అనో, "గ, అలాగే ఉంచు" అనో అంటారు. ఇప్పటిదాకా పద్నాలుగు వందల పైన తేలాయి. మధ్యలో కొత్త మాటలు కూడా చేరుతున్నాయి, దానివల్ల పని తరగడం లేదు. నిన్న పార దగ్గర ఆగాం. వివరణ రాయకుండా తరువాత చూద్దామని వదిలేసిన కొద్ది మాటల్లో అదొకటి. పారో, నారో ఆయనకు గుర్తు రాలేదు. పెద్దమ్మను అడిగి రేపు చెబుతానన్నారు.